ఖాళీ అనుకున్న నాలుగు వందల మీటర్లు: ఒక బైపాస్ రోడ్డు పురావస్తు సర్వే కథ

మా మొదటి నివేదికలో చైనేజ్ 7+300 నుంచి 7+700 వరకు, అంటే రోడ్డు మొదలు నుంచి 7 కిలోమీటర్ల 300 మీటర్లకూ 7 కిలోమీటర్ల 700 మీటర్లకూ మధ్య ఉన్న ముక్క గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది: "పురావస్తు ఆధారాలు లేవు." ఆ వాక్యం రాసింది నేనే. "మాకు కనబడలేదు" అని రాయాల్సిన చోట "లేవు" అని రాశాను. దాని ఖరీదు ఐదు వారాలు ఆగిపోయిన పని, మళ్లీ గీయాల్సి వచ్చిన ఒక కల్వర్టు డిజైను, ఇంజనీర్ల ముందు నేను తల వంచుకుని కూర్చున్న ఒక మధ్యాహ్నం.

ఒప్పందం ప్రకారం ఊరి పేరు, క్లయింటు పేరు, కాంట్రాక్టరు పేరు రాయడం లేదు. కొలతలు గుండ్రంగా సవరించి ఇస్తున్నాను. పని జరిగిన తీరు మాత్రం ఉన్నదున్నట్టే.

పని ఏమిటంటే

ఒక పట్టణాన్ని చుట్టి వెళ్లే బైపాస్. పొడవు 12 కిలోమీటర్లు, సేకరించిన భూమి వెడల్పు సగటున 40 మీటర్లు. అంటే 48 హెక్టార్లు. రోడ్డు పని పురావస్తు వాళ్లకు ఒక వింత పరీక్ష. మామూలు తవ్వకానికి చోటు మనమే ఎంచుకుంటాం. ఏదో ఒక దిబ్బ, ఒక గుడి శిథిలం, పెంకులు దండిగా దొరికే చేను. రోడ్డు అలా కాదు. ఎవరో ట్రాఫిక్ లెక్కలు వేసి ఒక గీత గీస్తారు, దాని కింద ఏముందో చెప్పమంటారు. గీత కొండవాలు ఎక్కుతుంది, వాగు దాటుతుంది, ఎవరూ ఎన్నడూ తవ్వాలని అనుకోని బురద నేలలోంచి పోతుంది. అందుకే రోడ్ల కింద అంత కొత్త సమాచారం దొరుకుతుంది. ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్, హంటింగ్‌డన్ మధ్య ఏ14 రోడ్డు కోసం 21 మైళ్ల పొడవునా తవ్వినప్పుడు ఒక దశలో 250 మంది దాకా పురావస్తు సిబ్బంది పని చేశారు. క్రీ.పూ. 400 ప్రాంతంలో బీరు కాచిన ఆనవాళ్లు అక్కడే బయటపడ్డాయి. దానికోసమే వెతుకుతూ ఎవరూ అక్కడికి వెళ్లలేదు, రోడ్డు తీసుకెళ్లింది.

ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది దేశాన్ని బట్టి మారుతుంది. ఐరోపాలో పురావస్తు సంపద రక్షణ కోసం కుదిరిన 1992 నాటి వాలెట్టా ఒడంబడిక తర్వాత, నేల తవ్వేవాడే పురావస్తు పని ఖర్చు కూడా భరించాలన్న పద్ధతి బలపడింది. అమెరికాలో 1966 నాటి చారిత్రక స్థలాల రక్షణ చట్టంలోని 106వ సెక్షన్ ప్రకారం, ఫెడరల్ నిధులతోనో అనుమతితోనో జరిగే పనులకు ముందు చారిత్రక స్థలాల మీద ప్రభావాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఫ్రాన్స్‌లో ముందస్తు పురావస్తు పనికి 2002 నుంచి ప్రత్యేకంగా ఒక జాతీయ సంస్థే ఉంది. మా పనికి డబ్బు పెట్టింది క్లయింటే. ఏమీ లేదని రాయమని నన్నెవరూ ఒత్తిడి చేయలేదు, ఆ మాట స్పష్టంగా చెప్పాలి. కాకపోతే మాకిచ్చిన నివేదిక ఫార్మాట్‌లో ప్రతి ముక్కకూ రెండే గడులు: "ఆధారాలు ఉన్నాయి", "ఆధారాలు లేవు". మూడో గడి లేదు. అప్పట్లో అది నాకు తేడాగా అనిపించలేదు కూడా.

కుర్చీలో కూర్చుని చేసే పని

మొదటి ఆరు వారాలు కాగితాల మీదే. పాత పటాలు, భూమి రికార్డులు, చేల పేర్లు, విమానం నుంచి తీసిన పాత ఫొటోలు, లైడార్ (పైనుంచి లేజర్ కిరణాలతో నేల ఎత్తులు కొలిచే పద్ధతి) డేటా. ఈ దశను చాలామంది లాంఛనంగా ముగిస్తారు. నాకైతే ఇదే ఇష్టమైన దశ. చేను పేరులో "కోట" అనో "బట్టీ" అనో ఒక ముక్క మిగిలి ఉంటే, దానికి కారణమైనది నేలలో మిగిలి ఉండే అవకాశం ఎక్కువ.

ఫొటోల్లో మేం వెతికేది పైరు గుర్తులు. పూడిపోయిన కందకం మీద మట్టి లోతుగా, తేమగా ఉంటుంది కనుక అక్కడి పైరు ఏపుగా, ఎక్కువ రోజులు పచ్చగా ఉంటుంది. పాత గోడ మీద పైరు ముందే పండుబారుతుంది. ఎండ ముదిరిన ఏడాది ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2018 వేసవి కరువులో ఐర్లండ్‌లోని న్యూగ్రేంజ్ దగ్గర, అంతకుముందు ఎవరికీ తెలియని ఒక పెద్ద వలయం డ్రోన్ కెమెరాకు చిక్కింది అలాగే. అయితే పాత నేల మీద రెండు మీటర్ల ఒండ్రు కప్పేసి ఉంటే పైరు వేళ్లకు కింద ఉన్నదాని సంగతే తెలియదు. లైడార్ కూడా అంతే. చెట్లను తీసేసి నేల ఎత్తుపల్లాలు సెంటీమీటర్ల తేడాతో చూపిస్తుంది. నేల చదునుగా ఉంటే చదునుగా ఉందనే చెబుతుంది. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే తప్పు చేశాను.

ఈ దశలో దొరికిన మంచి ఆచూకీ మాత్రం కాగితాల్లోంచి రాలేదు. మూడో కిలోమీటరు దగ్గర మేం సర్వే రాళ్లు చూసుకుంటుంటే ఒక పెద్దాయన వచ్చి నిలబడ్డాడు.

"ఏం వెతుకుతున్నారు బాబూ?"

"పాత పెంకులు, పాత మట్టి ఏమైనా ఉందేమోనని, పెద్దాయనా."

"పాటిమన్ను కావాలంటే ఆ మిట్ట మీదికి పోండి. మా నాయన కాలంలో బండ్లకు ఎత్తి చేలకు తోలారు."

పాటిమన్ను అంటే పాత ఊరి మట్టి. బూడిద, చెత్త, ఎముకలు కలిసి నల్లబడిన సారవంతమైన మన్ను. పురావస్తు నివేదికల్లో ఎన్ని పేర్లున్నా రైతు పెట్టిన ఈ పేరంత కచ్చితమైనది లేదు. ఆ మిట్ట మీద మాగ్నెటోమీటర్ (నేలలోని అయస్కాంత తేడాలు పట్టే యంత్రం) పెడితే రెండు వరసల కందకం, లోపల గోతులు, ఒక బట్టీ అచ్చు గుద్దినట్టు వచ్చాయి. రోడ్డు మొదలు కావడానికి ఏడు నెలల ముందే అక్కడ తవ్వకం పూర్తి చేశాం. దాని గురించి విడిగా నివేదిక ఉంది, ఇక్కడ అంతకంటే చెప్పనక్కర్లేదు. ఒక్క మాట: ఆ విజయం మాకు పొగరు తెచ్చింది.

యంత్రం చూసేది, చూడనిది

దున్నిన చేలల్లో వరసగా నడిచి పెంకులు ఏరే పని త్వరగానే అయిపోయింది. ఏడో కిలోమీటరు దగ్గర, వాలు దిగి వాగు పక్కన చదునుగా పరుచుకున్న నేలలో ఒక్క పెంకు దొరకలేదు. తర్వాత మాగ్నెటోమీటర్.

ఈ యంత్రం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే తప్పు ఇక్కడే మొదలైంది. భూమి అయస్కాంత క్షేత్రం చోటును బట్టి సుమారు 25,000 నుంచి 65,000 నానోటెస్లా (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే చిన్న ప్రమాణం) ఉంటుంది. మేం వెతికే పూడిన కందకం దానికి కలిపేది ఒకటో రెండో, మహా అయితే పది నానోటెస్లా. మనుషులున్న చోట మంటల వల్ల, కుళ్లిన చెత్త వల్ల పైమట్టిలోని ఇనుప ఖనిజాలకు అయస్కాంత గుణం కొంచెం పెరుగుతుంది. ఆ మట్టి కందకంలోకో గోతిలోకో చేరితే చుట్టుపక్కల నేల కంటే వేరుగా పలుకుతుంది. బాగా కాలిన బట్టీ అయితే గట్టిగా అరుస్తుంది. ఇంత సన్నటి తేడా పట్టాలి కనుక పరికరం మోసే మనిషి ఒంటి మీద ఇనుము ఉండకూడదు; బెల్టు బకిల్ వద్దు, బూట్లలో మేకులు వద్దు. పక్కనే ముళ్లకంచె ఉంటే ఆ పది మీటర్లూ వృథా.

వరసకూ వరసకూ మధ్య ఒక మీటరు, వరసలో ప్రతి 25 సెంటీమీటర్లకు ఒక రీడింగు. అంటే హెక్టారుకు 40,000 రీడింగులు. అంత వివరం చేతిలో ఉంటే ఎవరికైనా ధైర్యం వస్తుంది. కానీ ఆ 40,000 రీడింగులూ పై ఒక మీటరు గురించే. చిన్న గొయ్యి లాంటి దాని సంకేతం, లోతు రెట్టింపయితే ఎనిమిదో వంతుకు, ఒక్కోసారి అంతకన్నా కిందికి పడిపోతుంది. అర మీటరు లోతులో 4 నానోటెస్లా పలికేది రెండు మీటర్ల లోతుకు పోతే యంత్రం సొంత గోలలో కలిసిపోతుంది. నేలలోకి తరంగాలు పంపి చూసే రాడార్ పెడదామా అంటే, తడిగా ఉన్న బంకమట్టి రాడార్ తరంగాలను మింగేస్తుంది. వాగు పక్క నేలంతా అదే.

7+300 నుంచి 7+700 పటం ఇస్త్రీ చేసిన గుడ్డలా వచ్చింది. ఒక మరక లేదు. ఆఫీసులో ఆ ముద్రణ చూసి "ఇక్కడ హాయిగా పడుకోవచ్చు" అన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, అంత శుభ్రంగా ఉండటమే అనుమానించాల్సిన విషయం. అటు కొండవాలు, ఇటు నీళ్లు, మధ్యలో చదును నేల. మనుషులు ఏ కాలంలోనైనా ఇష్టపడి ఉండే చోటు. పొలాల్లో సాధారణంగా కనిపించే పాత దుక్కి చాళ్ల గీతలు కూడా పటంలో లేవంటే, పైనున్న మట్టే కొత్తదన్నమాట.

ట్రయల్ ట్రెంచులు

తర్వాతి దశ, నేలలో ఏముందో చూడటానికి మేమే తవ్వే పొడవాటి ట్రెంచులు. మొత్తం విస్తీర్ణంలో నాలుగు శాతం తెరిచి చూడాలన్నది ఒప్పందం. ఒక్కో ట్రెంచ్ 30 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు. 48 హెక్టార్లకు 320 ట్రెంచులు. పళ్లు లేని బకెట్ తగిలించిన ఎక్స్‌కవేటర్ పొర పొరగా గీస్తుంటే ఒకరు ముందు నిలబడి చూస్తారు. తేడా కనబడగానే చెయ్యి ఎత్తి ఆపాలి, తర్వాత తాపీలతో చేతి పని.

నాలుగు శాతం చాలా అని క్లయింట్లు అడుగుతుంటారు. దేనికి చాలా అన్నది అసలు ప్రశ్న. వంద మీటర్ల కందకం ఎక్కడో ఒకచోట ట్రెంచ్‌కు అడ్డం తగులుతుంది. చితాభస్మం పాతిన అర మీటరు గొయ్యి తగలాలంటే అదృష్టం ఉండాలి. లెక్క వేస్తే అలాంటివి ఇరవై ఉన్న చోట సగటున ఒక్కటి ట్రెంచ్ అంచుకైనా తగులుతుంది. ఆ ఒక్కటి చూసి మిగతా పంతొమ్మిదినీ ఊహించగలగాలి.

ఈ ముక్కలో పదకొండు ట్రెంచులు వేశాం. అన్నింటిలోనూ ఒకటే దృశ్యం: 30 సెంటీమీటర్ల దుక్కి మట్టి, దాని కింద లేత పసుపు రంగు సన్నటి ఒండ్రు. సమంగా, మెత్తగా, రాయి లేకుండా. మా భాషలో దీన్ని "సహజం" అంటాం, అంటే మనిషి చెయ్యి పడకముందు నుంచీ ఉన్న మట్టి. సహజం తగిలితే తవ్వకం ఆపుతాం. ఇంకో కారణం కూడా ఉంది. పక్కలకు ఆసరా లేకుండా 1.2 మీటర్ల కంటే లోతు ట్రెంచ్‌లోకి మనుషులను దించకూడదన్నది మా భద్రతా నియమం. లోతుకు వెళ్లాలంటే మెట్లు మెట్లుగా వెడల్పు చేయాలి, దానికి మూడింతల సమయం పడుతుంది. కాబట్టి 1.2 మీటర్ల దగ్గర ఆగడానికి రెండు సాకులు సిద్ధంగా ఉన్నాయి.

ఏడో ట్రెంచ్ దగ్గర, చేరి నాలుగు నెలలైన మా టీమ్ అమ్మాయి అడిగింది. "సార్, పైన వాలు అంతా గులకరాయి కదా. ఇక్కడ ఒక్క రాయి కూడా ఎందుకు లేదు?"

"వాగు ఒండ్రు కదమ్మా, రాళ్లు ఉండవు."

నా జవాబు నిజమే. ఆ జవాబులోనే అసలు ప్రశ్న ఉంది: వాగు ఈ ఒండ్రును ఎప్పుడు తెచ్చి పోసింది? మనుషులు రాకముందా, వచ్చి వెళ్లాకా? నేను అడగలేదు. అదే ట్రెంచ్‌లో 90 సెంటీమీటర్ల లోతున చేత్తో చేసిన కుండ పెంకు ఒకటి దొరికింది, బొటనవేలంత. "ఎలుక బొరియలోంచి జారి ఉంటుంది" అని రాసి సంచిలో వేశాను. పురావస్తు నివేదికల్లో ఎలుకల మీద మోపినన్ని నేరాలు ఏ పోలీస్ స్టేషన్‌లోనూ నమోదై ఉండవు. మన వివరణకు అడ్డొచ్చిన ప్రతి పెంకునూ ఎలుకే మోసుకొచ్చి ఉంటుంది!

కల్వర్టు గొయ్యి

రోడ్డు పని మొదలై మూడు నెలలైంది. పైమట్టి తీసేటప్పుడు మా మనిషి ఒకరు యంత్రాల వెంట ఉండాలన్న షరతు ఉంది. అయితే "ఆధారాలు లేవు" అని ఉన్న ముక్కల్లో ఆ అవసరం లేదు. అది కూడా నా వాక్యం చలవే. 7+480 దగ్గర కల్వర్టు కోసం రెండున్నర మీటర్ల గొయ్యి తీస్తున్నారు. ఆపరేటర్ బకెట్ పైకెత్తి మళ్లీ దించలేదు. గొయ్యి గోడలో పసుపు మట్టికి కింద, కాటుక గీసినట్టు నల్లటి చార కనిపించింది. మిట్ట మీద తవ్వకం జరిగినప్పుడు అతనే మాకు యంత్రం నడిపాడు. ఆ నలుపు అతనికి గుర్తే.

"సార్, ఇక్కడ నేల కాలింది. ఓసారి వచ్చి చూడండి, నేను బండి ఆపేశాను" అని ఫోన్ చేశాడు. సైట్ ఇంజనీరును అడగకుండా ఆపేశాడు. ఆ రోజు అతను ఆపకపోతే ఈ కేసే లేదు.

వెళ్లి చూస్తే 1.9 మీటర్ల లోతున పది సెంటీమీటర్ల మందం బొగ్గు పొర, దాని కింద ఎర్రగా కాలిన నేల, పెంకులు. గొయ్యి అడుగున నీళ్లలో నిలువుగా పాతిన రెండు గుంజల మొదళ్లు. కర్ర ఇంకా కర్రగానే ఉంది, గొడ్డలి వేట్ల గుర్తులతో సహా. గాలి తగలని తడి మట్టిలో కుళ్లబెట్టే జీవుల్లో చాలావరకు బతకలేవు కాబట్టి ఇలా నిలుస్తుంది. సంతోషం, సిగ్గు రెండూ ఒకేసారి వచ్చిన రోజు అది.

మర్నాడు మీటింగు. కాంట్రాక్టరు మనుషులకు టెన్షన్, యంత్రాలు ఊరికే నిలబడినా రోజుకు బిల్లు పెరుగుతూనే ఉంటుంది. "మీరే లేవన్నారు కదండీ" అని వాళ్లు అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. అప్పుడు పక్కన కూర్చున్న జియోటెక్నికల్ ఇంజనీరు లాప్‌టాప్ తెరిచి, "ఈ ముక్కలో మా బోరు రంధ్రాలు మూడు ఉన్నాయి" అంటూ రిపోర్టు చూపించాడు. నేల బరువు మోస్తుందో లేదో చూడటానికి మా సర్వే కంటే ఏడాది ముందే వేసిన బోర్లు. మూడింటిలో రెండింటి లాగ్‌లో 1.8 నుంచి 2.1 మీటర్ల మధ్య ఇలా ఉంది: "ముదురు బూడిద రంగు ఒండ్రు, బొగ్గు నలకలతో."

గది నిశ్శబ్దమైంది. ఆయన తప్పేమీ లేదు. ఆయనకు బొగ్గు నలక అంటే నేల కాస్త మెత్తగా ఉండొచ్చన్న హెచ్చరిక మాత్రమే. ఆ రిపోర్టు మాకు ఇవ్వమని ఎవరూ చెప్పలేదు, కావాలని మేం అడగలేదు. ఒకే ప్రాజెక్టు, ఒకే సర్వర్, రెండు ఫోల్డర్లు.

ఐదు వారాలు

మొదట చేసింది తవ్వకం కాదు, చేతి ఆగర్‌తో (మట్టిని తొలిచి పైకి తీసే బర్మా లాంటి పనిముట్టు) 20 మీటర్లకొకటి చొప్పున రంధ్రాలు. మట్టి పొరల లోతులన్నీ కలిపి గీస్తే, పసుపు ఒండ్రు కింద దాగిన పాత నేల రూపం తేలింది. వాగు పాత పాయ పక్కన చిన్న గట్టు, ఆ గట్టు మీద జనం కాపురం. మేం "చదును" అనుకున్నది పైన కప్పిన దుప్పటి మాత్రమే. ఈ పని రెండు రోజుల్లో అయిపోయింది. రెండు రోజులు! ట్రెంచులకు ముందే చేసి ఉంటే ఆ పదకొండింటిలో నాలుగు మాత్రమే వేసి, వాటిని లోతుగా దించేవాళ్లం.

తర్వాత మెట్ల పద్ధతిలో 20 మీటర్ల చదరం తెరిచాం. పంపులు రాత్రింబవళ్లు నీళ్లు తోడుతూనే ఉన్నాయి. దొరికినవి: కాలి కూలిన రెండు ఇళ్ల నేలలు, గుంజల గుంతలు, మూడు పొయ్యిలు, మాడిన గింజలు, అల్లిన తడిక ముక్క ఒకటి. తడిక బయటికి వచ్చిన గంటలోనే ఎండి చిట్లడం మొదలవుతుంది, అందుకని నీళ్లు చల్లుతూ మట్టి దిమ్మతో సహా కోసి ఎత్తాం. ఇనుము లేదు, ఇనుము కరిగించాక మిగిలే చిట్టెం కూడా లేదు.

తేదీల కోసం గుంజల లోపలి చెక్కను పంపలేదు. పెద్ద చెట్టు నడిమి చెక్క, ఇల్లు కట్టేనాటికే వందేళ్ల పాతది కావచ్చు. చెక్క, గింజల్లోని కార్బన్‌ను బట్టి వయసు కట్టే రేడియోకార్బన్ పద్ధతి ఆ వయసే చెబుతుంది తప్ప ఇంటి వయసు చెప్పదు. ఒక్క ఏడాది పంటైన గింజలు పంపాం. ఫలితం మూడు వేల ఏళ్ల పైమాటే. పసుపు ఒండ్రు కోసం చీకట్లో ఇనుప గొట్టాలు గోడలోకి దిగ్గొట్టి నమూనాలు తీశాం. ఇసుక రేణువు చివరిసారి వెలుగు ఎప్పుడు చూసిందో కొలిచే పద్ధతి అది. ఆ ఒండ్రు ఇళ్లు కాలిన కొన్ని వందల ఏళ్ల తర్వాతే పడిందని తేలింది. అంటే నేను "మనిషి రాకముందు మట్టి" అని రాసినది, మనిషి వెళ్లిపోయాక వచ్చినదే. ఎలుక నిర్దోషి. ఆ పెంకు వరదతో పాటే పైనుంచి కొట్టుకొచ్చింది.

సమయం చాలదు కాబట్టి చేత్తో గీసే డ్రాయింగులు తగ్గించి, వందల ఫొటోల నుంచి త్రీడీ నమూనా కట్టాం. చిలీలో పాన్-అమెరికన్ హైవే వెడల్పు చేస్తున్నప్పుడు 2010లో తిమింగలాలు, ఇతర సముద్ర జీవుల శిలాజాలు బయటపడ్డాయి, 40కి పైగా. వాటిని ఉన్నచోట నమోదు చేయడానికి పరిశోధకులకు దొరికింది రెండు వారాలే. అందుకే లేజర్ స్కానింగు, త్రీడీ పద్ధతుల మీద ఆధారపడ్డారు. వాటితో పోలిస్తే మాకు దొరికిన ఐదు వారాలు భోగమే. అయినా చెబుతున్నాను, త్రీడీ నమూనా కళ్లకు బాగుంటుంది గానీ ఆలోచించదు. పెన్సిల్‌తో గీసేటప్పుడు ఈ గీత ఇక్కడ ఎందుకు ఆగిందని చెయ్యి అడుగుతుంది, కెమెరా అడగదు. గుంజల గుంతల్లో రెండింటి వరస క్రమం మేం తప్పుగా అనుకున్నామని, ఆఖరి వారం చేత్తో గీసినప్పుడే తెలిసింది.

ఉంచాలా, తీయాలా

అసలు వాదన తవ్వకం చివర్లో వచ్చింది. మేం తెరిచిన చదరం బయట, రోడ్డు హద్దులోనే ఇంకా చాలా స్థలం మిగిలి ఉంది. మొత్తం తవ్వాలంటే మరో నాలుగు నెలలు. ఐర్లండ్‌లో తారా కొండకు దగ్గర్లో ఎం3 మోటార్‌వే దారిలో, లిస్మల్లిన్ అనేచోట 2007లో ఇనుప యుగపు గుంజల వలయం బయటపడింది, 80 మీటర్ల వ్యాసంతో. పైకి ఏ ఆనవాలూ లేని చోటు. దాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు, తవ్వి నమోదు చేశారు, రోడ్డు వేశారు. 2010లో వాహనాలు తిరిగాయి. ఆ నిర్ణయం మీద గొడవ చాలా ఏళ్లు నడిచింది. మా సైటు అంత గొప్పది కాదు, ప్రశ్న మాత్రం అదే.

క్లయింటు ఇంజనీర్లు మధ్యే మార్గం చెప్పారు: కల్వర్టును 60 మీటర్లు పక్కకు జరుపుదాం, ఇక్కడ నేల కోయకుండా మూడు మీటర్ల కట్ట పోసి పైనుంచి రోడ్డు తీసుకెళ్దాం, కింద ఉన్నది కిందే ఉంటుంది. కాగితం మీద దీన్ని "యథాస్థానంలో భద్రపరచడం" అంటారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు కొంచెం మంట. మూడు మీటర్ల కట్ట అంటే చదరపు మీటరుకు దాదాపు ఆరు టన్నుల బరువు. తడి ఒండ్రు ఆ బరువుకు నలుగుతుంది, అందులోని మెత్తబడ్డ కర్ర కూడా. అంతకంటే పెద్ద ప్రమాదం నీళ్లు. రోడ్డు పక్క డ్రెయిన్ల వల్ల భూగర్భ నీటిమట్టం ఒక మీటరు దిగిందంటే, మూడు వేల ఏళ్లు నిలిచిన కర్ర కొద్ది ఏళ్లలో పొడి అయిపోతుంది. పైకి మాత్రం "భద్రం" అనే బోర్డు ఉంటుంది.

చివరికి ఒప్పుకున్నాను, షరతులతో. డ్రెయిన్ అడుగు నీళ్లు లాగకుండా లైనింగు వేయాలి. కట్టను ఒకేసారి పోయకుండా దశలుగా పోయాలి. కింద జియోటెక్స్‌టైల్ అనే గట్టి గుడ్డ పరచాలి, భవిష్యత్తులో ఎవరైనా తవ్వితే పాత నేల ఎక్కడ మొదలవుతుందో తెలియడానికి. ఇక నీటిమట్టం చూడటానికి నాలుగు గొట్టాలు, నెలకోసారి కొలత, ఐదేళ్ల పాటు. ఆఖరి షరతు దగ్గరే ఎక్కువ బేరం జరిగింది, ఎందుకంటే రోడ్డు అప్పగించాక ఆ కొలతలు తీసే మనిషి ఎవరి జీతగాడో తేలలేదు. ప్రస్తుతానికి మేమే వెళ్తున్నాం.

ఇప్పుడు చేస్తున్నది

జియోటెక్ బోరు లాగులు మా ఆఫీసుకు రాకుండా ట్రెంచ్ ప్లాన్ గీయడం మానేశాం. వీలైతే బోరు వేసే రోజున మా మనిషి ఒకరు అక్కడే ఉంటారు. బయటికి వచ్చే మట్టి వాళ్లకూ మాకూ ఒకటే, చూసే కళ్లు వేరు. వాగు పక్కన, వాలు అడుగున సహజం అని రాసే ముందు, కనీసం ఒక్కచోటైనా యంత్రంతో లోతుకు దించి, మనిషి దిగకుండా పైనుంచే చూసి పూడ్చేస్తాం. పావుగంట పని. నివేదిక ఫార్మాట్‌లో మూడో గడి పెట్టించాను: "ఈ పద్ధతితో ఈ లోతు వరకు కనబడలేదు." పటాల్లో ఆ ముక్కలను తెల్లగా వదిలేయకుండా అడ్డ గీతలు కొడుతున్నాం. ఒక క్లయింటు దాన్ని చూసి, ఇన్ని గీతలుంటే ఫైలు ముందుకు ఎలా కదులుతుందని విసుక్కున్నాడు. గీతలు తీయలేదు.

ఆనాడు రాళ్లేవని అడిగిన అమ్మాయి ఇప్పుడు మా దగ్గర మట్టి పొరల పని చూస్తుంది. ఆగర్ గీసిన పాత నేల రూపాన్ని రోడ్డు హద్దు దాటి పొడిగించి చూపించింది ఆమే. గట్టు పక్క చేలోకి ఇంకా కనీసం 150 మీటర్లు సాగుతోంది. మాకు అనుమతి ఉన్నది హద్దు రాయి వరకే. బైపాస్ తెరిచాక అలాంటి చేలల్లో పెట్రోలు బంకులు, గోదాములు లేస్తాయని అందరికీ తెలుసు. పటం, లోతులు, బొగ్గు పొర ఫొటోలు జతచేసి సంబంధిత కార్యాలయానికి ఉత్తరం పంపాం. అందినట్టు రసీదు వచ్చింది. పోయిన నెల నీటి కొలతకు వెళ్లినప్పుడు ఆ చేలో కొత్తగా సున్నం గీతలు గీసి ఉన్నాయి. నీటిమట్టం మాత్రం 1.4 మీటర్ల దగ్గరే ఉంది, గుంజల మొదళ్లకు ఇంకా పైనే.